రెండోసారి పాసైన ప్యాకెట్టు

"వైపర్లు లేపి పెట్టావా?" అన్నాడు మా ఆయన.

"లేపాను," అన్నాను.

"రెండూనా?"

"రెండూ లేపాను. పడుకో."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురం కారు అద్దం తుడిచే పుల్లల దగ్గర ఆగిపోయింది. ఇక్కడ కెనడాలో మంచు పడేముందు వాటిని పైకి లేపి పెట్టకపోతే పొద్దున్నకి అద్దానికి అతుక్కుపోతాయి. నిజానికి నేను లేపలేదు. కారు నాది కాదు, మా చెల్లెలి కూతురిది. ఆయనకి కునుకు పట్టాక కిందికి వెళ్ళి, రెండూ లేపి వచ్చాను. ఆ కునుకు రెండు రోజులు సాగింది. మళ్ళీ లేవలేదు.

పోయిన చలికాలం సంగతి ఇది. ప్రోస్టేట్ కేన్సరు. మగవాళ్ళకి మూత్రం సంచి కింద చిన్న గ్రంథి ఒకటి ఉంటుందట. ఉన్నట్టు నాకూ తెలీదు, ఉన్న మనిషికీ తెలీదు.

ఇది రాస్తున్నది నేను కాదు. నేను మూడో తరగతిలో బడి మానేశాను. అంకెలు బాగా వచ్చు, సంతకం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు కంప్యూటర్లో కొడుతోంది. ఇక్కడి తెలుగువాళ్ళు ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైన ఆడవాళ్ళ మాటలతో పుస్తకం వేస్తారట. కొత్తగా ప్యాకింగ్ లైన్లలో చేరే పిల్లలు చదువుకోవడానికట. "పెద్దమ్మా, నీ ఉద్యోగం గురించి చెప్పమన్నారు, పెదనాన్న జబ్బు గురించి కాదు," అంటోంది ఇది. రెండూ ఒకటే, నువ్వు కొట్టు.

మా ఆయన వెల్డరు. గల్ఫులో పద్నాలుగేళ్ళు చేసి, అక్కణ్ణుంచి వెల్డర్లు కావాలంటే కెనడా వచ్చాడు. నేను ఆయన వెనకాల వచ్చాను. పిల్లల్లేరు. వచ్చిన రెండో నెలలో పక్కింటి పంజాబీ ఆవిడ "ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెడతావా, రా" అని తన వ్యానులో ఎక్కించుకుని తీసుకుపోయింది. మేముండే కేంబ్రిడ్జ్ ఊరి చివర, హైవే పక్కన, పరాఠాలు గడ్డకట్టించి ప్యాకెట్లు చేసే ఫ్యాక్టరీ. ఆవిడే మా లైను లీడరు. తర్వాత పదకొండేళ్ళు నేను ఆవిడ మాట విన్నాను. మొదట్లో భాష అర్థంకాక విన్నాను, తర్వాత అలవాటై విన్నాను.

నా చోటు లైను చివర. ప్యాకెట్లు బెల్టు మీద వచ్చి ఒక చిన్న సొరంగంలోంచి పోతాయి. అది ఇనుము కనిపెట్టే మిషను. ప్యాకెట్టు లోపల ఇనుప ముక్క ఉందని దానికి అనుమానం వస్తే కూత పెడుతుంది, పక్కనుంచి ఒక ఇనుప చెయ్యి వచ్చి ప్యాకెట్టుని ఎర్ర డబ్బాలోకి తోసేస్తుంది. ఆ డబ్బా దగ్గర నేను. నేను పొట్టి, డబ్బా ఎత్తు. నాకొక ప్లాస్టిక్ పీట ఇచ్చారు. లైను మొత్తంలో పీట మీద నిలబడి పనిచేసేది నేనొక్కదాన్నే.

కూసిన ప్యాకెట్టుని ఏం చేయాలో గోడ మీద బొమ్మలతో సహా అంటించి ఉంది. ఎర్ర స్టిక్కరు వేయాలి. మూడుసార్లు మళ్ళీ బెల్టు మీద పంపాలి, ఒక్కోసారి ఒక్కో వైపు తిప్పి. మూడింట్లో ఒక్కసారి కూసినా విప్పి వెతకాలి. అది గోడ మీది సంగతి. మేం చేసేది వేరు. ఒక్కసారి మళ్ళీ పంపేవాళ్ళం. కూయకపోతే స్టిక్కరు పీకేసి మంచివాటిలో కలిపేసేవాళ్ళం.

మమ్మల్ని తిట్టేముందు ఒక్క మాట వినండి. ఆ మిషను పిండి తడిగా ఉన్నా కూస్తుంది, ఉప్పు ఎక్కువైనా కూస్తుంది, ప్యాకెట్టు సరిగ్గా గడ్డకట్టకపోయినా కూస్తుంది. విప్పి చూస్తే ఏమీ ఉండదు. రోజంతా ఏమీ ఉండదు. అలా ఎన్నాళ్ళు విప్పుతారు? మా లీడరు మొదటి రోజే నేర్పింది: "దూసరీ బార్ చుప్, తో పాస్." రెండోసారి నోరు మూసుకుంటే పాస్. స్టిక్కరు పీకేశాక ఆ ప్యాకెట్టుకి గతం ఉండదు. అదీ మిగతావాటిలాంటి ప్యాకెట్టే.

పదకొండేళ్ళు చేతులు అదే పని చేస్తే బుర్ర కూడా అలాగే నడుస్తుంది. ఇంటికొచ్చి కోటు విప్పుతాం గానీ బుర్ర విప్పం కదా.

కోవిడ్ గొడవ సర్దుకున్నాక మా ఆయన మాటిమాటికీ బాత్రూముకి పోవడం మొదలుపెట్టాడు. భోజనం మధ్యలో, సినిమా మధ్యలో, నేను తిడుతుంటే మరీ. మాకు సొంత డాక్టరు లేడు. ఈ దేశంలో ఇల్లయినా దొరుకుతుంది గానీ డాక్టరు దొరకడు. అందుకని ఎవరైనా వెళ్ళి కూర్చోగలిగే క్లినిక్కుకి వెళ్ళాం. అక్కడ ఒక ఆడ డాక్టరు ఉండేది. "ఈ వయసులో ఆ గ్రంథి వాస్తుంది, అదే అయ్యుంటుంది, అయినా చూద్దాం," అని రక్తం తీయించింది. కాగితం వచ్చింది. అంకె పక్కన ఒక నల్లటి గుర్తు ఉంది, ఎక్కువగా ఉందని.

"దీన్ని చూసి కేన్సరు అనుకోకండి," అందావిడ. "వాపున్నా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. కొన్ని వారాలాగి మళ్ళీ చేయిద్దాం. అప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం."

అంకె ఎంతో చెప్పమంటోంది పిల్ల. చెప్పను. చెబితే చదివేవాళ్ళు తమ కాగితం తీసి పక్కన పెట్టుకుని, హమ్మయ్య మనది తక్కువే అనుకుంటారు. నేను చేసిన పని అదే.

ఆవిడ రాసిచ్చిన చీటీ పట్టుకుని, చెప్పిన వారాలు ఆగి, రెండోసారి రక్తం ఇచ్చాం. ఈ లోపల ఆవిడ క్లినిక్కు మూసేసి వేరే ఊరికి వెళ్ళిపోయింది. కాగితం మాత్రం ఇంటికొచ్చింది. అంకె తగ్గింది. పక్కన గుర్తు లేదు.

వంటింట్లో నిలబడి రెండు కాగితాలూ చూశాను. మొదటిది కూసింది. రెండోది కూయలేదు. మొదటిదాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. దాచిపెట్టాలని కాదు. ఎవరి దగ్గర దాచాలి? పని అయిపోయింది, పీకేశాను, అంతే. చేతులు కడుక్కుని పప్పులో పోపు పెట్టాను.

"ఏమొచ్చింది?" అన్నాడు మా ఆయన.

"పాస్."

"ఒక్క ముక్క చదవకుండా పాసయ్యాను. మా నాన్న ఉంటే సంతోషించేవాడు," అన్నాడు.

అయినా ఎందుకైనా మంచిదని ఆ రెండో కాగితం పట్టుకెళ్ళి ఇంకో క్లినిక్కులో చూపించాం. అక్కడి డాక్టరు పాకిస్తానాయన. మా ఆయనది గల్ఫు హిందీ, ఆయనది ఉర్దూ. ఇద్దరికీ బాగా కుదిరింది. ఆయన కంప్యూటర్లో ఏవో గడులు తెరిచాడు. ఈ రక్తం అంకె ఒక్కటీ చూస్తే సరిపోదట. వయసు, ఇంట్లో ఎవరికైనా ఉందా, ముందు టెస్టులు ఏమన్నాయి, అన్నీ నింపితే మొత్తం కలిపి ప్రమాదం ఎంతో ఇంకో అంకె వస్తుందట. దానికొక గీత. దాటితే స్కాను, దాటకపోతే ఆగి చూడడం.

"మీ నాన్నకి, అన్నదమ్ములకి ఈ జబ్బు ఉందా?"

"లేదు," అన్నాడు మా ఆయన.

"వెనక నుంచి వేలు పెట్టి గ్రంథిని ఒకసారి చూడాలి, ఒక నిమిషం పని."

మా ఆయన వెల్డింగ్ చేసి అతికించినట్టు కుర్చీని పట్టుకున్నాడు. "అది ఇంకోసారి చూద్దాం సాబ్," అన్నాడు. డాక్టరు ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

"ఈ కాగితానికి ముందు ఈ రక్త పరీక్ష ఎప్పుడైనా చేయించారా?"

"లేదు," అన్నాను.

అడిగింది ఆయన్ని. చెప్పింది నేను. మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

అంకె వచ్చింది. గీతకి కిందే ఉంది, ఎక్కువ దూరంలో కాదు. "ఇప్పటికి స్కాను అక్కర్లేదు," అన్నాడు డాక్టరు. "కానీ ఏడాదికి తప్పకుండా మళ్ళీ రండి." ఆ 'ఇప్పటికి'నీ, ఆ 'కానీ'నీ మేం క్లినిక్కు పార్కింగ్‌లోనే వదిలేసి ఇంటికొచ్చాం. ఏడాది తిరిగింది. వెళ్ళలేదు. పాసైన ప్యాకెట్టుని మళ్ళీ తెచ్చి బెల్టు మీద ఎవరు పెడతారు?

ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున లైను ఆపేసి అందర్నీ భోజనాల గదిలోకి రమ్మన్నారు. లైను ఎప్పుడూ ఆగదు. కరెంటు పోయినా మా లీడరు చేత్తో తోయించేలా ఉండేది. అలాంటిది ఆగిందంటే ఎవరో పోయారనుకున్నాం.

ఎవరూ పోలేదు. ఎక్కడో ఒకామె మా పరాఠా కొరికితే తీగ ముక్క వచ్చింది. చిగురు తెగింది. అంతకంటే ఏమీ కాలేదు, ఆమె అదృష్టం, మా అదృష్టం. బెల్టు తోమే ఇనుప బ్రష్షులోంచి ఊడిన తీగ అది, గోరంత ఉంది. ప్యాకెట్టు మీద గంటా నిమిషమూ అచ్చువేసి ఉంటాయి కదా, దాన్ని పట్టుకుని ఆ రోజు కెమెరాలో వెతికారు. సరుకు తనిఖీ చేసే మా క్వాలిటీ అమ్మాయి గోడ మీది టీవీలో అది వేసింది. మలయాళీ పిల్ల, హిందీ బాగా మాట్లాడుతుంది, నాకు కూతురుంటే ఆ వయసుండేది.

టీవీలో అందరం ఒకేలా ఉన్నాం. తెల్ల కోటు, తల మీద వల, మూతికి గుడ్డ. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒక మనిషి ఎర్ర డబ్బాలోంచి ప్యాకెట్టు తీసి, ఒకసారి మళ్ళీ పంపి, స్టిక్కరు పీకి, మంచివాటిలో పెట్టింది.

"ఇది ఎవరు?" అంది క్వాలిటీ అమ్మాయి.

అందరూ టీవీలో ఆ మనిషి కాళ్ళ కిందున్న పీట వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. చెయ్యెత్తాను. ధైర్యం అనుకోకండి. ఎత్తకపోతే ఇంకా నామోషీగా ఉండేది.

"ఆంటీ, మొదటిసారి కూసింది కదా?"

"కూసింది."

"రెండోసారి?"

"కూయలేదు."

"అందుకని?"

"పాస్ చేశాను."

ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. మమ్మల్నందర్నీ లైను దగ్గరికి తీసుకెళ్ళింది. అదే తీగ ముక్కని ఒక ప్యాకెట్టు మీద అడ్డంగా టేపుతో అంటించి పంపింది. కూసింది. టేపు పీకి, తీగని నిలువుగా అంటించి పంపింది. మిషను కిక్కురుమనలేదు.

"చూశారా? తీగ రెండుసార్లూ అక్కడే ఉంది. పడుకున్న తీరు మారింది, అంతే."

మా లీడరు ఊరుకోలేదు. "మేడం, ప్రతి కూతకీ విప్పి చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి పది ప్యాకెట్లు కూడా కావు. ఆ మిషనే పిచ్చిది. గాలొస్తే కూస్తుంది."

క్వాలిటీ అమ్మాయి మిషను తలుపు తెరిచి లోపల వెలుగుతున్న అంకె చూపించింది. "దీదీ, ఈ అంకె ఎవరు పెట్టారనుకున్నావ్? పైనుంచి ఊడిపడలేదు. నేనూ మేనేజరూ కూర్చుని పెట్టాం. కిందికి దించామనుకో, ఉప్పుకీ తడికీ కూసి మంచి సరుకంతా ఎర్ర డబ్బాలో పడుతుంది. పైకి పెంచామనుకో, మీరంతా హాయిగా ఉంటారు, తీగలు జనం నోట్లోకి పోతాయి. అందుకని మధ్యలో ఒకచోట ఆగాం. దాని కింద ఉంటే లోపల ఇనుము లేదని కాదు. ఇక వెతకొద్దని మనం అనుకున్నాం, అంతే. ఒకసారి దాటిందంటే మాత్రం వెతకాలి. రెండో కూత వినపడలేదని మొదటి కూత చెరిగిపోదు."

నాకు వార్నింగ్ కాగితం ఇచ్చారు. ఏం రాసుందో చదివి వినిపించారు. సంతకం పెట్టాను. పెన్ను కింద పెడుతుంటే నాలుగు ముక్కలు చేసిన ఇంకో కాగితం కళ్ళ ముందుకొచ్చింది.

లీడరు దగ్గరికెళ్ళి "నేను ఇంటికి పోవాలి," అన్నాను.

"ఇప్పుడా? చెయ్యెత్తి, సంతకం పెట్టి, ఇప్పుడు పోతే పారిపోయావంటారు."

"అననీ."

"ఒంట్లో బాలేదా?"

"నాకు బాగానే ఉంది," అన్నాను.

మా ఆయనకి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన పని మానేశాడు, ఇంట్లోనే ఉంటున్నాడు. పది నిమిషాల్లో పాత కారు వేసుకుని వచ్చాడు.

"ఉద్యోగం పోయిందా?"

"పోలేదు. కాగితం ఇచ్చారు."

"మరి ఆ మొహం ఏంటి?"

"నీకు మళ్ళీ టెస్టు చేయించాలయ్యా."

"అదెప్పుడో పాసయ్యానుగా."

"నిన్ను పాస్ చేసింది నేను. డాక్టరు కాదు."

కారు కదలకుండానే అంతా చెప్పాను. తీగ, పీట, చించిన కాగితం, డాక్టరు అడిగితే లేదన్న సంగతి. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు. వెల్డర్లకి చూపు ఒక్కచోట నిలపడం అలవాటు. ఎదురుగా ఉన్న గోడని అతుకు వేస్తున్నట్టు చూశాడు.

"నువ్వు లేదన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను," అన్నాడు. "నాకు నోరు లేదా? ముందో టెస్టు ఉందని నాకూ తెలుసు. చెబితే స్కాను అంటారని ఊరుకున్నాను. నువ్వొక లేదు, నేనొక లేదు."

"నువ్వేం లేదన్నావు?"

"మా నాన్న," అన్నాడు, బండి తీశాడు.

అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చించిన కాగితం ఎలా తెస్తామా అని నేను దారంతా బెంగపడ్డాను. ఆయన హెల్త్ కార్డు నంబరు కొడితే ల్యాబు లెక్కల్లో ఆ పాత టెస్టు చెక్కుచెదరకుండా ఉంది. "ఇది అప్పుడే వెతికేవాణ్ణి," అన్నాడు. "అడిగితే లేదన్నారు కదా." తిట్టినట్టు అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

"మీ నాన్న ఎలా పోయారు?"

"ముసలితనం," అన్నాడు మా ఆయన.

"ఎంత వయసు?"

"అరవై రెండు."

"నా వయసు," అన్నాడు డాక్టరు.

అప్పుడు మా ఆయన మెల్లగా చెప్పాడు. ఆయన తండ్రికి మూత్రం అడ్డుపడి గొట్టం వేశారు. నడుం నొప్పి అంటూ ఏడాది మంచం పట్టాడు. ఆఖరికి కాళ్ళు పడిపోయాయి. మా వైపు దాన్ని ముసలితనం అనే అన్నారు, ఆ జబ్బుకో పేరుందని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "కేన్సరో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు," అన్నాడు డాక్టరు. "కానీ ఈ గడిలో లేదు అని రాయకూడదు. తెలీదు అని రాయాలి. రెండూ ఒకటి కాదు."

ఈసారి మా ఆయన కుర్చీ పట్టుకోలేదు. రక్తం కూడా మళ్ళీ ఇచ్చాం. వారం తర్వాత వెళితే అంకె మొదటిదాన్ని కూడా దాటిపోయి ఉంది. అన్నీ గడుల్లో నింపితే ప్రమాదం అంకె గీత మీంచి దూకేసింది.

అప్పుడా డాక్టరు ఒక తెల్లకాగితం తీసుకుని సున్నాలు చుట్టాడు. వరసకి పది, పది వరసలు. కొన్నింటిని నలుపు చేశాడు.

"మీలాంటి కాగితాలున్న వందమందిని నిలబెడితే, ఈ నల్ల సున్నాలవాళ్ళకి వైద్యం చేయాల్సిన రకం ఉంటుంది. తెల్ల సున్నాలవాళ్ళకి ఉండదు, ఉన్నా కదలకుండా పడుండే రకం."

మా ఆయన కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "ఇందులో నేనేది?"

"అది ఈ కాగితం చెప్పదు భాయ్."

"మరి ఈ కాగితం ఎందుకు?"

"స్కాను తీయాలా, సూది గుచ్చి ముక్క తీసి చూడాలా, వదిలేయాలా చూసుకోడానికి. అందర్నీ గుచ్చితే తెల్లవాళ్ళకి ఊరికే రక్తం, జ్వరం, భయం. ఎవర్నీ గుచ్చకపోతే నల్లవాళ్ళు పోతారు."

"అయితే నాకో తెల్లది ఇప్పించండి సాబ్, చివర వరసలోదైనా సరే," అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను.

నేను ఒక్కటే అడిగాను. "పోయినసారి ఈ సున్నాలు గీసుంటే ఎన్ని నల్లవి ఉండేవి?"

ఆయన ఇంకో కాగితం తీసి గీశాడు. నల్లవి తక్కువ. కానీ ఉన్నాయి. గీతకి కింద ఉన్నా ఉన్నాయి. పాస్ అని నేను వంటింట్లో అన్న రోజు కూడా అవి ఉన్నాయి. మిషను దగ్గర ఆ మలయాళీ పిల్ల చెప్పిందీ, ఈయన గీసిందీ ఒకటే. పదకొండేళ్ళు ఆ మిషను పక్కన నిలబడి నాకు ఆ ముక్క తెలీలేదు.

స్కానులో మచ్చ కనపడింది. సూదితో ముక్కలు తీశారు. నల్ల సున్నా.

గ్రంథి దాటి కొంచెం బయటికి వచ్చిందన్నారు. పక్క ఊరి పెద్దాసుపత్రిలో రేడియేషన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ ఇంజెక్షన్లకి, నాకు ముట్లాగినప్పుడు వచ్చి ఎప్పుడో తగ్గిపోయిన వేడి ఆవిర్లు ఆయనకి మొదలయ్యాయి. "మీ ఆడాళ్ళు ఇవి ఎట్లా పడ్డారే," అనేవాడు. మేం పడుతుంటే మీరు ఏమయ్యిందని కూడా అడగలేదయ్యా అనేదాన్ని. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను ఎటు తిప్పాలని రోజూ గొడవ. మూడేళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఎముకల్లోకి వెళ్ళింది.

కేన్సరు డాక్టరమ్మని ఒకసారి విడిగా అడిగాను. ఆ పద్నాలుగు నెలలు నేను పోగొట్టకపోతే బతికేవాడా అని. ఆమె తొందరపడకుండా చెప్పింది. కొంతమందికి అప్పుడు పట్టుకున్నా ఇలాగే అయ్యేదట, కొంతమందికి అయ్యేది కాదట, ఈయన ఏ రకమో చెప్పే టెస్టు లేదట. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు. తప్పు నీదని కూడా అనలేదు. ఏదో ఒకటి అనుంటే ఇంటికెళ్ళి పడుకునేదాన్ని.

మా లీడరు సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో సంగతి తెలిసి ఆవిడ భయపడి వాళ్ళాయన్ని లాక్కెళ్ళింది. ఆయనది గీత దాటింది. స్కానులో ఏదో అనుమానం, సూదులు గుచ్చారు, ఏమీ లేదు. జ్వరం వచ్చి వారం రోజులు కూర్చోలేకపోయాడు. "ఏమీ లేనిదానికి నన్ను జల్లెడ చేయించావ్" అని నాతో మాట్లాడ్డం మానేశాడు. గేటు దగ్గర కనపడితే అటు తిరిగి నిలబడేవాడు, ఎందుకంటే కూర్చోలేడు. ఆయన బాధ ఆయనది, కాదనను. గీత కిందికి దించితే ఎర్ర డబ్బాలో పడే మంచి ప్యాకెట్లలో ఆయనొకడు. అందుకే, ఈ టెస్టు చేయించుకోండని గానీ వద్దని గానీ నేను ఎవరికీ చెప్పను. చెప్పడానికి నేనెవరు? డాక్టరు దగ్గరికి వెళితే మాత్రం దగ్గరున్న కాగితాలన్నీ ఇవ్వండి, బాగున్నదీ, బాగులేనిదీ. ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా పోయారో తెలీకపోతే తెలీదనండి. మీ అంకె ఎంతని కాదు, ఆ అంకె ఉన్న వందమందిలో ఎంతమందికి ఉంటుందని అడగండి. గీతకి కింద ఉన్నారంటే మళ్ళీ ఎప్పుడు రావాలో అడగండి, అడిగాక వెళ్ళండి.

ఫ్యాక్టరీలో నన్ను తీసేయలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేశారు. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఎర్ర డబ్బా పని నేర్పించమన్నారు. మూడుసార్లు పంపాలి, తిప్పి తిప్పి పంపాలి, ఒక్కసారి కూసినా విప్పాలి అని రిటైరయ్యేదాకా చెప్పాను. ఒక పిల్ల అడిగింది, "ఆంటీ, ఎన్ని విప్పినా ఏమీ ఉండట్లేదు, ఎందుకిది?" అని. ఏమీ లేదని తెలియడానికే విప్పుతున్నాం అన్నాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నేను కూడా ఆ వయసులో అలాగే చూసేదాన్ని.

మా ఆయన ఆ 'లేదు' గురించి మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, ఆసుపత్రి మంచం మీద, నర్సు ఏవైనా మందులు పడవా అని అడిగితే, నా వైపు వేలు చూపించి "ఆమెనడక్కండి, నన్నడగండి," అన్నాడు. నర్సు నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను దిండు సర్దాను.

ఇదిగో, పిల్ల కొట్టడం ఆపేసింది. "పెద్దమ్మా, ఆ డాక్టరు అడిగినప్పుడు నువ్వు లేదు అన్నావని రాయాలా? గుర్తులేక చెప్పలేదని రాద్దాం. పుస్తకంలో అందరూ చదువుతారు, నిన్ను ఏమనుకుంటారు?" అంటోంది.

ఏమన్నా అనుకోనీ. నాకు గుర్తుంది. ఆ కుర్చీ రంగు కూడా గుర్తుంది. గుర్తులేక అని రాస్తే, చదివేవాళ్ళు మా జ్ఞాపకశక్తి బాగానే ఉంది, మాకు ఇలా జరగదు అనుకుని పేజీ తిప్పేస్తారు. అన్నీ బాగా గుర్తుండే లేదన్నాను. అలాగే రాయి.

రాశావా? తల ఊపితే కాదు. నాకు చదవడం రాదు, నువ్వేం కొట్టావో నాకేం తెలుసు. పైకి చదువు. ఆ పాకిస్తాన్ డాక్టరు మమ్మల్ని అడిగిన దగ్గర్నుంచి చదువు, నిదానంగా.